నేల జట్టు లెక్కలు

బడి విహారయాత్రలు ప్రధానంగా రెండు రకాలు. నాగార్జునకొండ మ్యూజియంలోనో సాలార్‌జంగ్‌లోనో గైడు వెనక వరుసగా నడుస్తూ, అద్దాల పెట్టెల కింద అంటించిన చీటీలు నోట్‌బుక్కులోకి ఎక్కించుకుని, తిరిగొచ్చాక 'నేను చూసిన ప్రదేశం' అని వ్యాసం రాయించేవి ఒక రకం. తెల్లవారుజామున బస్సెక్కి, దారి పొడవునా పాటలు పెట్టుకుని, ఏ వండర్‌లాలోనో సాయంత్రం దాకా తడిసి, సగం నిద్రలో ఇల్లు చేరేవి రెండో రకం. మొదటిదానికి చదువని పేరుంది గానీ పిల్లలకు అది నెల తిరిగేసరికి గుర్తుండదు. రెండోది పెళ్లిళ్లయ్యాక కూడా చెప్పుకుంటారు, కానీ దాన్ని చదువనడానికి హెడ్మాస్టరుకే నోరు రాదు.

నల్గొండ జిల్లాలో సాగర్ రోడ్డుకు దగ్గర్లో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పే టీచరుగారు ఈ రెండింటినీ ఒకే బస్సులో ఎక్కించారు. తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని రావిర్యాలలోని వండర్‌లాకు తీసుకెళ్లడానికి ఆవిడ ఒక లాంగ్ నోట్‌బుక్కు నిండా ప్రణాళిక రాసుకున్నారు. పేరు, ఊరు బయటపెట్టకూడదన్న షరతు మీద దాన్ని చదవనిచ్చారు. ప్రణాళికలంటే నాకు పెద్ద గౌరవం లేదు. మన విద్యాశాఖ చుట్టూ తిరిగే ప్రణాళికల్లో ఎక్కువ భాగం తనిఖీ అధికారి కోసం రాసినవే. ఇది మాత్రం పిల్లల కోసం రాసింది. అందుకే పేజీ పేజీ ఆగి చూడాలనిపించింది.

మొదటి పేజీలో బస్సు నంబరు లేదు, వసూళ్ల లెక్క లేదు. నిలువుగా పట్టుకున్న స్కేలు బొమ్మ ఉంది. యాత్రకు వారం ముందు తరగతిలో చేయించాల్సిన పని అది. ఒకరు 30 సెంటీమీటర్ల స్కేలును పై కొస దగ్గర పట్టుకుంటారు. ఇంకొకరు కింది కొస దగ్గర బొటనవేలు, చూపుడువేలు తెరిచి ఉంచుతారు. చెప్పకుండా వదిలేస్తే రెండోవాళ్లు పట్టుకోవాలి. ఎన్ని సెంటీమీటర్లు జారాక పట్టుకున్నారో చూస్తే, కంటికి కనబడింది చేతికి అందడానికి ఎంతసేపు పట్టిందో తెలిసిపోతుంది. సుమారు 20 సెంటీమీటర్లంటే 0.2 సెకను. స్వేచ్ఛాపతన సూత్రానికి ఇంతకంటే చవకైన ప్రయోగం లేదు. చాలా బడుల్లో చేయిస్తారు కూడా.

ఆవిడ పనితనం కనిపించేది ఆ తర్వాతి వాక్యంలో. ప్రతి పిల్లా పదిసార్లు చెయ్యాలి, కానీ సగటు రాయక్కర్లేదు. అతి తక్కువ ఎంత, అతి ఎక్కువ ఎంత, ఆ రెండే రాయాలి. ఎందుకో పక్కన పెన్సిలుతో రాసుకున్నారు. స్టాప్‌వాచ్ నొక్కేటప్పుడు మొదలుపెట్టడంలోనూ ఆలస్యమవుతుంది, ఆపడంలోనూ అవుతుంది. రెండు ఆలస్యాలూ సమానమైతే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. లెక్కను పాడుచేసేది ఆలస్యం కాదు, దాని నిలకడలేనితనం. 12 సెంటీమీటర్ల దగ్గర ఒకసారి, 25 దగ్గర ఇంకోసారి పట్టుకునే చురుకైన కుర్రాడి కంటే, ఎప్పుడూ 20కీ 22కీ మధ్యే పట్టుకునే నిదానపు పిల్ల చేతిలో గడియారం పెట్టడం మేలు. జట్టుకు గడియారం పట్టే మనిషిని ఈ పట్టిక చూసి ఎంచుతారు. తరగతిలో ఎప్పుడూ చెయ్యెత్తని పిల్లలకు ఆ ఉద్యోగం దక్కిందని ఆవిడ మార్జిన్లో రాసుకున్నది చూసి నేను ఆశ్చర్యపోలేదు. ఆ పట్టిక వేసిందే అందుకేమోనని అనుమానపడ్డాను.

గడియారం ఎందుకో రోలర్ కోస్టర్ పేజీకి వస్తే తెలుస్తుంది. బండి వేగం కొలవడానికి పార్కువాళ్లను ఏమీ అడగక్కర్లేదు. స్టేషన్లో ఆగి ఉన్నప్పుడు పెట్టెలు లెక్కపెట్టి బండి పొడవు అంచనా వేస్తారు. తర్వాత కంచె ఇవతల నిలబడి, కిందిభాగంలో ఒక స్తంభాన్ని గురిపెట్టుకుని, బండి ముక్కు దాన్ని తాకినప్పుడు ఒకసారి, తోక దాటినప్పుడు ఒకసారి నొక్కుతారు. 12 మీటర్ల బండి 0.6 సెకనులో దాటిందంటే వేగం సెకనుకు 20 మీటర్లు, అంటే గంటకు 72 కిలోమీటర్లు. కొలతలో 0.07 సెకను అటూ ఇటూ అయితే అదే వేగం 64 నుంచి 81 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. కాబట్టి ఒక్క కొలతను నమ్మొద్దు, జట్లు కలిసి అయిదుగురు కొలవండి, బండిని మూడుసార్లు దాటనివ్వండి అని సూచన. పాఠ్యపుస్తకంలో 'దోషాలు' అన్న మాట కనిపిస్తే పిల్లలు పేజీ తిప్పేస్తారు. ఇక్కడ అది తమ వేలి గురించిన మాట.

ఎత్తు కొలిచే పద్ధతి కూడా ఇలాగే ఆలోచించి పెట్టారు. పదో తరగతి గణితంలో త్రికోణమితి అనువర్తనాలు ఉంటాయి. దీపస్తంభాలు, గాలిపటాలు, గుడి గోపురాలు అన్నీ నల్లబల్ల మీదే కొలుస్తారు. ఇక్కడ కోణమానినికి దారం కట్టి, దారం కొసకు ఒక నట్టు వేలాడదీసి, పైన స్ట్రా అంటిస్తే కోణం కొలిచే పరికరం తయారు. పదో తరగతి పిల్లలు 40 మీటర్ల దూరం నుంచి 36 డిగ్రీలు చూస్తే టాన్ పట్టిక తీసి 29 మీటర్లని లెక్కగట్టి, కంటి ఎత్తు కలుపుకుంటారు. తొమ్మిదో తరగతివాళ్లకు టాన్ ఇంకా రాలేదు. వాళ్లకు ఆవిడ ఇచ్చిన సూచన ఒక్కటే: కోణం 45 డిగ్రీలు చూపించేదాకా వెనక్కి నడవండి. అక్కడ ఆగి స్తంభం మొదలు దాకా దూరం కొలిస్తే అదే ఎత్తు, మీ కంటి ఎత్తు కలపండి. దూరం కొలవడానికి టేపు తేవక్కర్లేదు. ఎవరి అడుగు ఎన్ని సెంటీమీటర్లో బడి మైదానంలో ముందే కొలిచి పెట్టుకున్నారు. మ్యాథ్స్ సార్‌ను కూడా బస్సెక్కించడానికి ఈ పేజీ పనికొచ్చిందని టీచరుగారు నవ్వుతూ చెప్పారు.

ఈ పుస్తకానికి గుండెకాయ రికాయిల్ పేజీలు. రావిర్యాల పార్కు 2016లో తెరిచారు. అందులో పెద్ద పేరున్న రైడ్ ఈ రికాయిలే. నెదర్లాండ్స్‌కు చెందిన వెకోమా సంస్థ రూపొందించి ప్రపంచమంతటా అమ్మిన బూమరాంగ్ నమూనా ఇది. దీని పట్టాలు చుట్టు తిరిగి మొదటికి రావు, రెండు కొసల్లోనూ సుమారు 35 మీటర్ల ఎత్తున ఆగిపోతాయి. బండిని మొదట వెనక్కి లాగి ఒక కొసకు ఎక్కిస్తారు. వదిలేస్తే స్టేషన్ మీదుగా దూసుకెళ్లి, మూడుసార్లు మనుషుల్ని తలకిందులు చేసి, రెండో కొసకు ఎక్కుతుంది. అక్కడ గొలుసు అందుకుని పైదాకా లాగుతుంది. మళ్లీ వదిలితే వచ్చిన దారినే వెనక్కి, మళ్లీ మూడుసార్లు తలకిందులు.

ఎక్కినవాళ్లంతా ఆ ఆరుసార్లు తలకిందులవడం గురించే చెప్తారు. టీచరుగారి చూపు రెండో కొసలోని గొలుసు మీద ఆగింది. "మొదటి కొస నుంచి వదిలిన బండి అంతే ఎత్తున్న రెండో కొసకు తనంతట తాను ఎందుకు ఎక్కలేకపోయింది? గొలుసు అందుకున్న చోటును గుర్తుపెట్టుకుని దాని ఎత్తు కొలవండి. మిగిలిన ఎత్తు ఎక్కడికి పోయింది?" అన్నది ఆ పేజీలో ఉన్న ఒకే ఒక ప్రశ్న. శక్తి నిత్యత్వ నియమాన్ని పాఠంలో చెప్పేటప్పుడు 'ఘర్షణను ఉపేక్షిస్తే' అని ఒక ముక్క కలుపుతాం. ఉపేక్షించకపోతే ఏమవుతుందో చూపించే పరికరం బడిలో ఉండదు. ఇక్కడ కోట్లు పెట్టి కట్టినది కళ్లెదుట ఉంది. తగ్గిన ఎత్తే గాలికీ చక్రాలకీ పోయిన శక్తి. అది చక్రాల వేడిగా, మనకు వినబడే ఆ రొదగా మారింది.

దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. గొలుసు అందుకునేసరికి బండిలో ఇంకా కొంత కదలిక మిగిలే ఉండొచ్చు, కాబట్టి ఈ లెక్క నష్టాన్ని ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది, పిల్లలు తామే పట్టుకుంటే మెచ్చుకోవాలి, పట్టుకోకపోతే చెప్పొద్దు. తన ప్రశ్నలోని లొసుగును తానే ముందు చూసి, దాన్ని పిల్లల కోసం దాచిపెట్టిన ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను.

పక్క పేజీలో కరెంటు లెక్క. బండికి ఇంజను లేదు, పైకి లాగే చోట తప్ప ఎక్కడా కరెంటు తోసేది లేదు. మనుషులతో కలిపి బండి 6 టన్నులనీ, 30 మీటర్లు లాగడానికి 20 సెకన్లు పడుతుందనీ అనుకుంటే సుమారు 88 కిలోవాట్లు కావాలి. ఆ అంకె పిల్లలకు ఏమీ చెప్పదు. అందుకని తర్వాతి గడిలో దాన్ని 5 హెచ్‌పీ బోరు మోటార్లలోకి మార్చమన్నారు. 24 దాకా వస్తాయి. బడికి వచ్చేముందు పొలంలో స్టార్టరు నొక్కి వచ్చే పిల్లలకు 24 మోటార్లంటే ఎంతో తెలుసు. ఒక ఊళ్లో ఒక వీధి రైతుల మోటార్లన్నీ ఒకేసారి నడిస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఏమవుతుందో కూడా తెలుసు.

లూప్ గురించిన పేజీ మాత్రం చరిత్రలోకి వెళ్తుంది. నిలువు చుట్టు నిజంగా గుండ్రంగా ఉందా అని చూసి బొమ్మ గీయమన్నారు. దాదాపు అందరూ వెళ్లకముందు వృత్తమే గీశారట. దగ్గర నిలబడి చూస్తే అది నీటిబొట్టు ఆకారం, పైన ఇరుకు, కింద విశాలం. 1895లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో ఫ్లిప్ ఫ్లాప్ అనే రైడ్‌కు అచ్చమైన వృత్తంతో లూప్ కట్టారు. అందులో తిరిగినవాళ్లకు మెడలు పట్టేశాయి, కొన్నేళ్లకే మూతపడింది. కారణం తొమ్మిదో తరగతి లెక్కతోనే తేలుతుంది. వృత్తం పైభాగంలో పడిపోకుండా ఉండటానికి చాలినంత వేగమే ఉన్నా, ఘర్షణ లేకపోతే అడుగుభాగంలో మనిషికి తన బరువుకు ఆరు రెట్లు తెలుస్తుంది. 40 కిలోల పిల్లకు 240 కిలోలు. పైగా చదునైన పట్టా నుంచి వృత్తంలోకి అడుగుపెట్టిన క్షణంలోనే ఆ బరువంతా ఒక్కసారి మీద పడుతుంది. కింద వంపు విశాలంగా మొదలై పైకి పోయేకొద్దీ ముడుచుకుంటే ఆ దెబ్బ తగ్గుతుంది. జర్మన్ ఇంజనీరు వెర్నర్ స్టెంగెల్ ఈ ఆకారంతో లెక్కగట్టిన లూప్‌ను 1976లో కాలిఫోర్నియాలోని మ్యాజిక్ మౌంటెన్ పార్కులో రివల్యూషన్ అనే రైడ్‌కు కట్టారు. ఈనాటి లూపులన్నీ ఆ దారిలోవే. ఈ కథ మొత్తం నోట్‌బుక్కులో ఉంది, కానీ పిల్లలకిచ్చిన కాగితంలో లేదు. బొమ్మ గీసి, తాము గీసింది తప్పని తెలుసుకున్నాక, తిరుగు ప్రయాణంలో బస్సులో చెప్పాల్సిన కథగా గుర్తు పెట్టుకున్నారు. ఎప్పుడు ఏం చెప్పకూడదో రాసుకున్న టీచరు డైరీ నేను ఇంతకుముందు చూడలేదు.

ఇక రోజు నడక. పార్కులో మొదటి ముప్పావుగంట ఏ కొలతా లేదు. 'ఏదైనా ఒక రైడ్. పుస్తకాలు బ్యాగుల్లోనే' అని ఉంది. గేటు దాటిన పిల్లల చేతిలో వెంటనే వర్క్‌షీట్ పెడితే కాగితం మీదా రైడ్ మీదా రెండింటి మీదా కోపం వస్తుందని ఆవిడ లెక్క. ఆ తర్వాత ప్రతి రైడ్‌కీ మూడు గడులు: ఊహ, కొలత, గొడవ. ఊహ గడిని క్యూలో నిలబడినప్పుడు నింపాలి, పెన్నుతోనే, కొట్టివేతలు లేకుండా. కొలత నేల మీది నుంచి. గొడవ అంటే ఊహకూ కొలతకూ కుదరకపోతే జట్టులో వాదించుకుని ఎవరు ఏమన్నారో రాయడం. రద్దీ రోజున క్యూలోనే సగం రోజు పోతుంది. మామూలు యాత్రలో ఆ సమయమంతా తోపులాటకు పోతుంది. ఇక్కడ క్యూయే తరగతి గది.

ఊహ గడికి బాగా పనికొచ్చిన ప్రశ్న గొలుసు ఉయ్యాలలది. జాతరల్లో, ఎగ్జిబిషన్లలో, పెద్ద పార్కుల్లో ఎక్కడైనా కనిపించే రైడే. నడిమి స్తంభం తిరుగుతుంటే గొలుసులకు వేలాడే కుర్చీలు బయటికి విచ్చుకుంటాయి. మనిషి కూర్చున్న కుర్చీ, ఖాళీ కుర్చీ, రెండింట్లో ఏది ఎక్కువ బయటికి వంగుతుంది? తరగతిలో చేతులెత్తిస్తే ఎక్కువమంది తేలికగా ఉంది కాబట్టి ఖాళీదే అన్నారు. కొందరు బరువు లాగుతుంది కాబట్టి మనిషి ఉన్నదే అన్నారు. తిరుగుతున్నప్పుడు చూస్తే రెండూ ఒకే వాలున ఉంటాయి. బరువు పెరిగితే కిందికి లాగే బలమూ, కుర్చీని వృత్తంలో తిప్పడానికి కావలసిన బలమూ ఒకే పాళ్లలో పెరుగుతాయి. వాలును నిర్ణయించేది వేగమూ వ్యాసార్ధమూ మాత్రమే. 8 మీటర్ల వ్యాసార్ధంతో 6 సెకన్లకో చుట్టు తిరిగితే గొలుసు నిలువు నుంచి 42 డిగ్రీల దాకా వాలుతుంది, అందులో కూర్చున్నది ఒకటో తరగతి పిల్లైనా, పి.ఈ.టి. సారైనా. ఈ పేజీని ఆవిడ అంతకుముందు జనవరిలో నాంపల్లి నుమాయిష్‌కు వెళ్లి సరిచూసుకున్నారు.

నన్ను అన్నిటికంటే కట్టిపడేసింది మాత్రం భౌతికశాస్త్రం కాదు. పుస్తకం మధ్యలో 'నేల జట్టు' అని రెండు పేజీలున్నాయి. పిల్లల్ని ఆరుగురేసి జట్లు చేశారు. ప్రతి రైడ్‌కూ నలుగురు ఎక్కుతారు, ఇద్దరు నేల మీద ఉండి కొలుస్తారు. ఎక్కినవాళ్లు కొలవలేరు, ఎందుకంటే గడియారాలు, కోణమానినులు, ఫోన్లు రైడ్ మీదికి తీసుకెళ్లనివ్వరు. చేయి జారిన నట్టు కింద ఉన్నవాళ్ల తల పగలగొడుతుంది. కాబట్టి నేల మీది ఇద్దరూ లేకపోతే జట్టుకు అంకెలే లేవు. తర్వాతి రైడ్‌కు ఇద్దరు మారతారు.

పార్కుల్లో రైడ్‌ను బట్టి ఎత్తు గీతలుంటాయి. ఆ గీత దగ్గర ఉద్యోగి పక్కకు తీసి నిలబెడితే, స్నేహితులంతా చూస్తుండగా పదో తరగతి పిల్లాడికి ఎంత చిన్నతనమో చెప్పక్కర్లేదు. ఆవిడ ముందే బడిలో ఆరోగ్య కార్డు నింపే నెపంతో అందరి ఎత్తులూ కొలిచి పెట్టుకున్నారు. ఎత్తు చాలనివాళ్లకు ఆ రైడ్ దగ్గర నేల జట్టు వంతు వచ్చేలా వరుస వేశారు. భయపడేవాళ్లకూ, నెలసరిలో ఉన్న ఆడపిల్లలకూ, గుండె జబ్బు ఉందని తల్లిదండ్రులు రాసిచ్చిన ఒక బాబుకూ అలాగే. వంతులు అందరికీ ఉంటాయి కాబట్టి ఎవరు ఎందుకు కింద ఉన్నారో ఎవరికీ తెలియదు. ఆ వరుస వేసిన పట్టికలో కొట్టివేతలు చూస్తే ఎన్ని రాత్రులు కూర్చున్నారో అర్థమవుతుంది. పార్కు పని నేర్చుకున్న ఇంజనీర్లు ఒక బండిని లూపులో సురక్షితంగా తిప్పడానికి ఎంత శ్రద్ధ పెట్టారో, ఒక పొట్టి పిల్లాడి పరువు నిలబెట్టడానికి ఈవిడ అంత శ్రద్ధా పెట్టారు.

భద్రత పేజీలు పొడిగా ఉన్నాయి, ఉండాల్సిందీ అంతే. 2014 జూన్‌లో హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలోకి ఆనకట్ట నుంచి ఉన్నట్టుండి నీళ్లు వదిలితే, యాత్రకు వెళ్లిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. తెలుగునాట పిల్లల్ని నీళ్ల దగ్గరికి తీసుకెళ్లే ఏ టీచరూ ఆ రోజును మరచిపోలేదు. ఈ పుస్తకంలో దాని ప్రస్తావన లేదు, కానీ దాని నీడ ఉంది. అలల కొలను దగ్గర టీచర్లెవరూ నీళ్లలోకి దిగకూడదు, నాలుగు వైపులా నలుగురు నిలబడి చూస్తూ ఉండాలి. ఫోను చూడకూడదు. తలలు లెక్కపెట్టేది ఒక్కరే, మారకూడదు. బస్సెక్కినప్పుడు, గేటు దగ్గర, భోజనానికి, నీళ్లలోకి దిగేముందు, పైకొచ్చాక, మళ్లీ బస్సులో. చేతి మీద పెన్నుతో రాసిన ఫోన్ నంబరు నీళ్లలో చెరిగిపోతుంది కాబట్టి గుడ్డ పట్టీ కుట్టించి దానిమీద రాయించారు. బయటి తిండి లోపలికి రానివ్వరు కాబట్టి పులిహోర, పెరుగన్నం పార్కింగులో బస్సు దగ్గరే. సాగర్ హైవే మీంచి బొంగులూరు దగ్గర ఔటర్ ఎక్కితే తర్వాతి ఎగ్జిట్టే రావిర్యాల, కాబట్టి ఊళ్లోంచి పోయే పని లేదు. వాంతులయ్యేవాళ్లకు ముందు సీట్లు. డిసెంబరులో పొద్దు తొందరగా గూకుతుంది, తడి బట్టలతో చలి పట్టకుండా పొడి జత తప్పనిసరి.

అన్నీ మెచ్చుకోలేను. పడవ ఊయల పేజీ నాకు నచ్చలేదు. పైరేట్ షిప్ ఒక్క ఊపుకు ఎన్ని సెకన్లు పడుతుందో కొలిచి, లోలకం సూత్రంతో దాని చేయి పొడవు కనుక్కోమన్నారు. ఆ పడవ కింద మోటారు చక్రం తోస్తూ ఉంటుంది, బరువంతా ఒక బిందువు దగ్గరా ఉండదు, పైగా ఊపు పెద్దది. లఘులోలకం సూత్రం చిన్న ఊపులకే వర్తిస్తుంది. 90 డిగ్రీల దాకా ఊగితే ఆవర్తన కాలం 18 శాతం పెరుగుతుంది. పిల్లలకు వచ్చే జవాబు తప్పుతుంది, ఎందుకు తప్పిందో తేల్చుకునే దారి కాగితంలో లేదు. పొడవు అడగడం మానేసి, ఊపు చిన్నగా ఉన్నప్పుడూ పెద్దగా ఉన్నప్పుడూ సమయం ఒకటేనా అని అడిగి ఉంటే సరిపోయేది. ఈ మాట అంటే ఆవిడ పెన్ను తీసి అక్కడికక్కడే కొట్టేశారు, వాదించలేదు. తిరిగొచ్చాక వర్క్‌షీట్ చివర 'ఈ యాత్రలో నేను నేర్చుకున్నవి' అన్న గడి మాత్రం ఎక్కడా కనిపించలేదు. అందుకు నా తరఫున ప్రత్యేక అభినందన.

ఇదంతా ఆవిడ శూన్యంలోంచి పుట్టించలేదు. అమెరికాలో 1970ల నుంచీ వినోద పార్కుల్లో ఫిజిక్స్ దినాలు జరుపుతున్నారు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 1923 నుంచీ నడుస్తున్న లిసెబెర్గ్ పార్కులో ఆన్-మారీ పెండ్రిల్ అనే భౌతికశాస్త్రవేత్త ఏళ్ల తరబడి విద్యార్థులతో కొలతలు చేయించి, వాటి మీద వ్యాసాలు రాశారు. ఖాళీ కుర్చీ ప్రశ్న ఆ సంప్రదాయంలోదే. అక్కడ పార్కు అనుమతితో సెన్సర్లు రైడ్ మీదికి ఎక్కిస్తారు. మన దగ్గర ఆ వెసులుబాటు లేదు, పిల్లల దగ్గర ఫోన్లూ లేవు. ఈవిడ తీసుకున్న నిర్ణయం, పరికరాలన్నిటినీ నేల మీదికి దించి, రైడ్ మీద ఒంటిని మాత్రమే నమ్మడం. 'ఎక్కడ బరువెక్కినట్టుంది? ఎక్కడ పొట్ట తేలిపోయింది? దిగగానే బొమ్మ మీద గుర్తు పెట్టు' అన్నదే ఎక్కినవాళ్ల పని. ఆ గుర్తులనూ నేల జట్టు అంకెలనూ పక్కపక్కన పెడితే పట్టా వంపుకూ పొట్టలోని కుదుపుకూ ఉన్న సంబంధం కనిపిస్తుంది. చేతిలో లేనిదాన్ని తలచుకుని కూర్చోకుండా, ఉన్నదానితో పనిని కొత్తగా మలచడం అంటే ఇదే.

డబ్బు విషయం దాటేయలేను. పెద్ద పార్కు టికెట్టు, బస్సు అద్దె కలిపితే కూలి చేసుకునే ఇంటికి భారమే. బడులకు గుంపు రాయితీ ఉన్నా అందరూ కట్టలేరు. ఈ బడిలో కట్టలేని పిల్లల టికెట్లు పూర్వ విద్యార్థులు కొన్నారు, ఎవరివి కొన్నారో పిల్లలకు చెప్పలేదు. అదీ కుదరని బడులకు 1938లో మొదలై సాధారణంగా ఏటా జనవరి 1న తెరుచుకునే నుమాయిష్ ఉంది, అదీ దూరమైతే ఊరి జాతరలో రంగులరాట్నం, జెయింట్ వీల్, బావిలో మోటారు సైకిలు తిప్పేవాళ్ల ఆట ఉంటాయి. గోడ మీద బండి ఎందుకు జారిపడదో చెప్పడానికి రికాయిల్ అక్కర్లేదు. ఈ నోట్‌బుక్కులో రికాయిల్ పేజీలు తీసేస్తే మిగతావి చాలావరకు జాతరకు పనికొస్తాయి.

ఈ చలికాలంలో బడి తరఫున బస్సు మాట్లాడబోయే హెడ్మాస్టర్లకు ఒక విన్నపం. డబ్బు వసూలు మొదలుపెట్టకముందే మీ ఫిజికల్ సైన్స్ టీచరునూ మ్యాథ్స్ టీచరునూ ఒక రోజు ఓ.డి. ఇచ్చి ఆ పార్కుకో జాతరకో పంపండి, చేతిలో కోణమానిని, దారం, గడియారం ఉండేలా చూడండి. ప్రశ్నలు వాళ్లే పట్టుకొస్తారు. ఎత్తులు కొలిచే పని మాత్రం యాత్రకు వారం ముందే, బడిలోనే పూర్తిచేయించండి.